ఇంటి డాన్స్ ప్యాడ్ మోడ్డింగ్: నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు

మాది విశాఖ అక్కయ్యపాలెంలో రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో టీపాయ్ ఉండాల్సిన చోట నాలుగు బాణాలున్న ప్లైవుడ్ పలక ఒకటి ఉంటుంది. కాళ్లతో ఆడే వీడియో గేమ్‌కి వాడే డాన్స్ ప్యాడ్ అది, నేనే విప్పి మార్పులు చేసుకున్నది (మోడ్డింగ్ అంటే అదే). చుట్టాలొస్తే దాన్ని నిలబెట్టి బీరువా పక్కకి తోసేస్తాం. చూసినవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత ఎక్కి రెండు పాటలు ఆడతారు, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెడతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇంతకీ ఏ ఆట కోసం ఇదంతా?

తెర మీద కింది నుంచి పైకి బాణాలు వస్తుంటాయి, పాట తాళానికి సరిగ్గా ఆ బాణం మీద కాలు వేయాలి. జపాన్‌కి చెందిన కోనామీ 1998లో దీన్ని ఆర్కేడ్ మెషీన్‌గా (గేమ్ సెంటర్లలో నాణెం వేసి ఆడేది) తెచ్చింది, పేరు డాన్స్ డాన్స్ రెవల్యూషన్. మరుసటి ఏడే ప్లేస్టేషన్‌కి వచ్చింది, దాంతోపాటే ఇంట్లో పరుచుకునే ప్యాడ్లు కూడా. ఇప్పుడు మనలో చాలామంది ఆడేది కంప్యూటర్లో, స్టెప్‌మేనియా అనే ప్రోగ్రాములో. అది ఉచితం, మనకి నచ్చిన పాటకి మనమే స్టెప్పులు కూర్చుకోవచ్చు.

మెత్త ప్యాడ్ లోపల ఏముంటుంది?

పెద్దగా ఏమీ ఉండదు. చాలా వాటికి ఒక అంచున జిప్ ఉంటుంది, లేకపోతే కుట్టు విప్పాలి. పై తొడుగు తీస్తే రెండు పల్చటి ప్లాస్టిక్ షీట్లు, వాటి మధ్య ఒక ఫోమ్ షీటు కనిపిస్తాయి. ప్లాస్టిక్ షీట్ల మీద నల్లగానో వెండి రంగులోనో అచ్చువేసిన గీతలే తీగలు. ఫోమ్‌కి ప్రతి బాణం దగ్గరా చిల్లులుంటాయి. కాలు వేసినప్పుడు ఆ చిల్లుల్లోంచి పై షీటు కింది షీటుని తాకుతుంది, సర్క్యూట్ కలుస్తుంది. కాలు తీస్తే ఫోమ్ మళ్లీ ఉబ్బి రెండింటినీ విడదీస్తుంది. పైన ఉన్న చిన్న డబ్బాలోని చిప్ ఈ కలవడాన్ని బటన్ నొక్కినట్టుగా కంప్యూటర్‌కి చెబుతుంది.

నేను మొదటిసారి విప్పినప్పుడు ఎడమ బాణం దగ్గర గీత మీద సన్నటి పగులు కనిపించింది, వెంట్రుక మందం. గోటితో అక్కడ నొక్కితే బాణం పనిచేసింది, వదిలితే చచ్చింది. ఆరు నెలలుగా ప్యాడ్‌ని తిట్టుకున్నాను. తీరా చూస్తే ఆ పగులు ఉన్నది సరిగ్గా నేను రోజూ మడతపెట్టే గీత మీద.

మరి ఇంత త్వరగా ఎందుకు పాడవుతాయి? గట్టిగా తొక్కడం వల్లేనా?

అందరూ అనుకునేది అదే. నేను ఇప్పటిదాకా విప్పి చూసిన వాటిలో తొక్కుడు వల్ల పోయినవి తక్కువ. జారుడు వల్ల, మడత వల్ల పోయినవే ఎక్కువ. గచ్చు మీద ప్యాడ్ జారుతుంది, మనం కాలితో దాన్ని వెనక్కి లాక్కుంటాం. అలా లాగిన ప్రతిసారీ లోపలి మూడు పొరలూ ఒకదాని మీద ఒకటి పక్కకి జరుగుతాయి, ఫోమ్ చిల్లులు వాటి స్థానం తప్పుతాయి, అచ్చు గీతలు అరుగుతాయి. ఆట అయ్యాక నాలుగు మడతలు పెట్టి అల్మరాలో కుక్కుతాం, గీతలు విరుగుతాయి. మూడోది మన ఊరి ప్రత్యేకం: చెమట, ఉప్పుగాలి. దాని గురించి కింద విడిగా రాశాను.

అందుకే ఎవరైనా "సెన్సార్లు మార్చాలా?" అని అడిగితే ముందు నేనడిగేది "కింద ఏం వేశారు?" అని. ప్యాడ్‌ని కదలకుండా, మడవకుండా చేస్తే సగం జబ్బులు రానే రావు.

విప్పకుండా ముందు ఏం చూసుకోవాలి?

స్టెప్‌మేనియా ఆప్షన్లలో టెస్ట్ ఇన్‌పుట్ అని ఉంటుంది. అది తెరిచి చేత్తో ఒక్కో బాణం నొక్కండి. మధ్యలో నొక్కితే పడుతోందా, మూలల్లో నొక్కితే పడుతోందా, వదిలాక కూడా నొక్కినట్టే ఉండిపోతోందా, ఈ మూడూ వేరువేరు జబ్బులు. తర్వాత కేబుల్‌ని డబ్బా దగ్గర మెల్లగా కదిపి చూడండి. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. పరుపు మీదో కార్పెట్ మీదో వేసి ఆడుతుంటే ఒకసారి వట్టి గచ్చు మీద వేసి ఆడండి. మెత్తటి నేల తొక్కిన బలాన్ని మింగేస్తుంది, నింద సెన్సార్ మీద పడుతుంది.

బాణం సరిగ్గానే పడుతోంది కానీ ఆటలో ఎప్పుడూ లేటు చూపిస్తోంది. ప్యాడ్ నెమ్మదా?

చాలాసార్లు తప్పు టీవీది. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. బ్లూటూత్ స్పీకర్ తీసేసి వైరు స్పీకర్ పెట్టండి. ఆ తర్వాత స్టెప్‌మేనియాలో గ్లోబల్ ఆఫ్‌సెట్ (పాటకీ తొక్కుడుకీ మధ్య తేడాని సరిచేసే సెట్టింగు) సరిచేసుకోండి. మామూలు సెట్టింగులో మార్వెలస్ (అన్నిటికంటే పై మార్కు) రావాలంటే 22.5 మిల్లీసెకన్ల లోపు, దాని కింది మార్కు పర్ఫెక్ట్ రావాలంటే 45 మిల్లీసెకన్ల లోపు తొక్కాలి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్క ఫ్రేము ఉండేదే దాదాపు 17 మిల్లీసెకన్లు. స్పీకర్ ఆలస్యం చేస్తుంటే ఎంత ఖరీదైన ప్యాడ్ తెచ్చినా ప్రయోజనం లేదు. ఎప్పుడూ ఒకే లెక్కన లేటు అయితే అది ఆఫ్‌సెట్ సమస్య. ఒకసారి లేటు, ఒకసారి అసలు పడకపోవడం అయితే అప్పుడు ప్యాడ్ విప్పండి.

ప్లైవుడ్ బేస్ ఎలా చేయాలి?

ఇదే అసలు పని, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ప్యాడ్‌ని కొలిచి, నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ వచ్చేలా 18 లేదా 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించుకోండి. 12 ఎంఎం చాలదా అంటే, గచ్చు సమంగా ఉన్నచోట చాలు, కాస్త ఎగుడుదిగుడు ఉంటే ఊగుతుంది. షీటు మామూలుగా ఎనిమిదడుగులకి నాలుగడుగులు ఉంటుంది. మొత్తం కొననక్కర్లేదు. ఇంట్లో కప్‌బోర్డులు చేయిస్తున్న వాళ్లెవరైనా ఉంటే కార్పెంటర్ని అడగండి, మిగిలిన ముక్కల్లోనే పని అయిపోతుంది. మాది అలా వచ్చిందే. దొరికితే బీడబ్ల్యూపీ గ్రేడు (నీళ్లకి తట్టుకునేది) తీసుకోండి, మన తేమకి మామూలు ఎంఆర్ గ్రేడు (కొద్దిపాటి తేమకే ఆగేది) అంచులు ఉబ్బుతాయి. ఏది తీసుకున్నా కోసిన అంచులకి వార్నిష్ గానీ పెయింటు గానీ తప్పకుండా వేయండి. నీళ్లు తాగేది అక్కడే.

కింది వైపు రబ్బరు షీటు ముక్కలు అతికించండి. మూలలకి మాత్రమే కాదు, మధ్యలో కూడా. మూలల్లోనే పెడితే పలక డప్పులా మోగుతుంది.

ఇప్పుడు ప్యాడ్. పై తొడుగు ఉంచాలా తీసేయాలా అన్నది మీ ఇష్టం, నేను తీసేశాను. లోపలి మూడు పొరలనూ పలక మీద ముడత లేకుండా పరిచి, అంచుల వెంబడి సన్నటి చెక్క బీడింగు పెట్టి స్క్రూలు బిగించాలి. స్క్రూ వేసే ముందు షీటుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని గీతలు ఎటు పోతున్నాయో మార్కరుతో పలక మీద గుర్తుపెట్టుకోండి. నేను రెండో ప్యాడ్‌కి ఈ పని చేయకుండా, తొందరపడి డ్రిల్ పెట్టాను. స్టార్ట్ బటన్ గీత మధ్యలోంచి స్క్రూ దిగింది. అప్పట్నుంచి ఆ ప్యాడ్‌కి పాట మొదలుపెట్టాలంటే కీబోర్డే గతి. కంట్రోలర్ డబ్బాని మాత్రం పలకకి బయట, పై అంచున ఉంచండి, కాలు దాని మీద పడకూడదు.

చివరగా, మధ్య గడిలోనూ నాలుగు మూలల గడుల్లోనూ, బాణాల మీద వేసే పొర కంటే మందంగా ఉండే సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ ఫోమ్ పలక) ముక్కలు అతికించండి. బాణాలు ఒక మెట్టు కిందికి ఉన్నట్టవుతుంది. ఆర్కేడ్లో ఆడేవాళ్లు కిందికి చూడకుండా ఆడగలగడానికి ఒక కారణం, అంచు కాలికి తెలియడమే. మా చిన్నోడు ఈ ఒక్క మార్పుతో రెండు లెవెళ్లు పైకెళ్లాడు, సెన్సార్ని మేం ముట్టుకోనే లేదు.

పైన ఏం వేస్తే మన్నుతుంది?

పాలికార్బొనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్. మూడు మిల్లీమీటర్లది, ఒక్కో బాణానికి ఒక్కో చదరం. యాక్రిలిక్ కూడా చూడ్డానికి అలాగే అద్దంలా ఉంటుంది, నేమ్‌బోర్డులు చేసే దుకాణాల్లో ఎక్కువగా ఉండేది అదే, "రెండూ ఒకటే సార్" అని కూడా అంటారు. కావు. యాక్రిలిక్ పెళుసు. నేను నమ్మి వేయించుకున్న చదరం మూడో వారంలో టప్‌మని విరిగింది, ముక్క మొన సాక్సులోంచి మడమకి దిగింది. పాలికార్బొనేట్ వంగుతుంది గానీ విరగదు. తేడా తెలియకపోతే చిన్న ముక్క అడిగి తీసుకుని పట్టకారుతో వంచి చూడండి.

అంత ఖర్చు వద్దంటే నేల మీద పరిచే వినైల్ షీటు వేయండి, చెప్పుకోదగ్గంత కాలం వస్తుంది. బాణం మీద నేరుగా ప్యాకింగ్ టేపు అంటించడం మాత్రం వద్దు. ఎండాకాలం జిగురు కరిగి కాలికి అంటుకుంటుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది.

గట్టిగా తొక్కితే తప్ప పడట్లేదు. సెన్సిటివిటీ ఎలా పెంచాలి?

ఫోమ్ చిల్లులు చూడండి. చిల్లులు చిన్నగా, దూరందూరంగా ఉంటే పై షీటు కిందికి అందదు. పదునైన కట్టరుతో ఒక్కో చిల్లుని కొంచెం వెడల్పు చేయండి, లేదా మధ్యలో కొత్తవి వేయండి. మెల్లగా, ఒక బాణానికి చేసి, ఆడి చూసి, తర్వాత రెండోది. ఫోమ్ ఎక్కువ కోసేస్తే మళ్లీ అతికించలేం.

ఇంకో దారి, బాణం కింద ఎత్తు పెట్టడం. ఆర్కేడ్ మెషీన్లు బాగుచేసేవాళ్లు సెన్సార్ కింద నాణేలు, అట్ట ముక్కలు పెడతారు. ఇంట్లో మనకి పెళ్లి శుభలేఖల కంటే మంచి సరుకు లేదు: అట్ట గట్టిగా, సమంగా ఉంటుంది, ప్రతి ఇంట్లో దొంతర్లు ఉంటాయి. పలకకీ కింది షీటుకీ మధ్య, బాణం నడిమధ్యలో అరచేతి వెడల్పు ముక్క ఒకటి పెట్టండి. చాలకపోతే ఇంకొకటి.

తొక్కకుండానే బాణం పడిపోతోంది, లేదా ఒకసారి తొక్కితే రెండుసార్లు పడుతోంది.

తొక్కకుండా పడుతుంటే పై ప్రశ్నకి ఉల్టా: ఫోమ్ నలిగిపోయి పల్చబడింది, లేదా శుభలేఖలు ఎక్కువయ్యాయి. నలిగిన ఫోమ్ తిరిగి ఉబ్బదు. టీవీ, ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటుతో మార్చండి, పాతదాన్ని పైన పెట్టి చిల్లులు గీసుకుని కోయండి.

రెండుసార్లు పడుతుంటే కలిసేచోట మురికి ఉన్నట్టు. మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపి తుడవండి. రుద్దొద్దు, అచ్చు గీత లేచిపోతుంది. అప్పటికీ పోకపోతే స్టెప్‌మేనియాలో ఇన్‌పుట్ డీబౌన్స్ టైమ్ అనే సెట్టింగుని కొంచెం పెంచండి. అది తక్షణ ఉపశమనం మాత్రమే, వైద్యం కాదు.

గీత తెగింది. టంకం పెట్టొచ్చా?

వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. తెగినచోట రాగి టేపు అంటించి, పైన మామూలు టేపు గట్టిగా వేయండి. మల్టీమీటర్‌తో చూసేటప్పుడు ఒక సంగతి: ఈ నల్ల గీతలకి రెసిస్టెన్స్ ఎక్కువ, బీప్ మోడ్‌లో పెడితే బాగున్న గీత కూడా మోగకపోవచ్చు. ఓమ్‌ల స్కేలు పెట్టి చూడండి. మా స్నేహితుడు బీప్ రాలేదని నిక్షేపంలా ఉన్న షీటుని చెత్తబుట్టలో వేశాడు.

వంటింటి ఫాయిల్‌తో కొత్త సెన్సార్లు చేసుకోవచ్చట కదా?

చేసుకోవచ్చు, పిల్లలతో ఆదివారం పూట చేయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. రెండు అట్టలకి అల్యూమినియం ఫాయిల్ అంటించి, మధ్యలో ఫోమ్ పట్టీలు పెడితే సెన్సార్ తయారు. కానీ సముద్రం పక్కన ఉన్నవాళ్లకి నేనైతే చెప్పను. అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక ఆక్సైడ్ పొర ఉంటుంది, అది కరెంటుని సరిగ్గా పోనివ్వదు. మామూలు టంకం దానికి అతకదు, కాబట్టి రాగి తీగని మడిచి టేపు వేస్తాం. రాగి, అల్యూమినియం ఆనుకుని ఉన్నచోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసినట్టు పోతుంది. మధురవాడలో మా పిన్ని వాళ్లింట్లో చేసిన ఫాయిల్ ప్యాడ్‌ని వర్షాలు వెళ్లాక విప్పితే తీగ చుట్టూ ఫాయిల్ లేదు, బూడిదలాంటి తెల్ల పొడి ఉంది.

అన్నీ రాగి టేపుతో చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. చిలుము పడుతుంది, నిజమే. ఆర్నెల్లకోసారి గరుకు కాగితంతో మెల్లగా గీస్తే పోతుంది.

ఎఫ్ఎస్ఆర్, వెలోస్టాట్ అంటున్నారు. అవి అవసరమా?

పోటీగా ఆడేవాళ్లకి అవసరం, సరదాకి ఆడేవాళ్లకి కాదు. తేడా ఏమిటంటే, పైన చెప్పినవన్నీ స్విచ్చులు, కలిసిందా లేదా అంతే. ఎఫ్ఎస్ఆర్ అనే సెన్సార్ ఎంత బలంగా నొక్కామో చెబుతుంది: ఒత్తిడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. వెలోస్టాట్ అనే కార్బన్ కలిపిన నల్ల ప్లాస్టిక్ షీటుని రెండు రాగి టేపుల మధ్య పెట్టి అలాంటి సెన్సార్నే మనం తక్కువలో చేసుకోవచ్చు. ఫోమ్ లేదు, చిల్లులు లేవు, కాబట్టి నలిగేది కూడా తక్కువ.

సెన్సార్‌తో వరసగా ఒక రెసిస్టర్, పది కిలో ఓమ్‌లది పెట్టి, మధ్యలో వచ్చే వోల్టేజీని ఆర్డ్వినో (మనం ప్రోగ్రాము రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డు) చదువుతుంది, 0 నుంచి 1023 దాకా ఒక అంకెగా. కాలు ఆనితే 150, తొక్కితే 600 వచ్చిందనుకుందాం. 400 దాటితే ఆన్ అని రాస్తాం. ఆఫ్ కావడానికి కూడా అదే 400 పెడితే అంకె 398, 402 మధ్య ఊగినప్పుడల్లా బాణం టకటకా కొట్టుకుంటుంది. అందుకని ఆఫ్ గీతని 350 దగ్గర పెట్టాలి. సెన్సిటివిటీ అంటే ఇక కట్టరు, అట్టముక్క కాదు, ప్రోగ్రాములో ఒక అంకె. మా చిన్నోడికి ఒక అంకె, నాకు ఒక అంకె.

వెలోస్టాట్‌తో చిక్కు ఏమిటంటే వేడికి దాని అంకెలు జరుగుతుంటాయి. ఆట మొదలయ్యే ముందు కాలు పెట్టకుండా ఒకసారి చదివించి, దాన్ని సున్నాగా లెక్కపెట్టుకునేలా రాసుకోండి.

ఏ ఆర్డ్వినో కొనాలి?

లియొనార్డో లేదా ప్రో మైక్రో. వాటిలోని చిప్ నేరుగా కీబోర్డులా, జాయ్‌స్టిక్‌లా కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. మామూలు ఊనో (ఆర్3) అలా మాట్లాడలేదు. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ స్పేర్ పార్టుల దుకాణాల్లో ఆర్డ్వినో అంటే ముందు ఊనోనే తీసి ఇస్తారు, పేరు చెప్పి అడగండి.

పాత కీబోర్డు సర్క్యూట్ వాడొచ్చా?

స్విచ్ రకం ప్యాడ్‌కి వాడొచ్చు. కొన్ని కీలు కలిపి నొక్కితే కీబోర్డు ఒకదాన్ని మింగేస్తుంది, కాబట్టి మీరు ఎంచుకున్న నాలుగు కీలనూ జంటలుగా, మూడేసిగా నొక్కి చూసుకున్నాకే తీగలు లాగండి. ప్లేస్టేషన్ ప్యాడ్‌కి యూఎస్‌బీ అడాప్టర్ వాడేవాళ్లకీ ఇలాంటిదే ఒకటి ఉంది: ఎడమ, కుడి కలిపి తొక్కితే రెండూ పడవు. అడాప్టర్ బాణాలని జాయ్‌స్టిక్ దిశలుగా లెక్కపెడితే, జాయ్‌స్టిక్ ఒకేసారి రెండు వైపులకీ వంగదు కదా. బాణాలని విడి బటన్లుగా చూపే అడాప్టర్ కావాలి. ఇది తెలియక కొందరు ప్యాడ్‌నే మార్చేశారు.

వానాకాలంలో, ఉప్పుగాలిలో ఎలా కాపాడుకోవాలి?

బీచ్ రోడ్డు వైపు కిటికీ తెరిచి పెట్టుకునేవాళ్లకి స్క్రూల దగ్గరే తెలిసిపోతుంది, మామూలు ఇనుప స్క్రూలు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి ఊడిరావు. స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. ఆడాక చెమట పొడిగుడ్డతో తుడిచి, పది నిమిషాలు ఫ్యాన్ కింద వదిలి, తర్వాతే నిలబెట్టండి. తడి మీద కవర్ కప్పితే లోపలే మగ్గుతుంది. కంట్రోలర్ డబ్బాలో సిలికా జెల్ సంచి ఒకటి వేయండి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చేదే. గోడకి ఆనించి పెట్టేటప్పుడు బయటి గోడ వద్దు. అక్టోబరు వానల్లో ఆ గోడలు చెమర్చినట్టు ఉంటాయి.

లోహపు ప్యాడ్ చేయించుకుంటే?

గాజువాక ఆటోనగర్లో రేకు కోసి వంచి ఇచ్చేవాళ్లకి లోటు లేదు. కొలత కాగితం మీద గీసి తీసుకెళ్లండి, బాణం చదరం 28 సెంటీమీటర్లు. బరువు మాత్రం చూసుకోండి, లిఫ్టు లేని అపార్టుమెంటు అయితే ముందే ఆలోచించండి.

షూస్ వేసుకుని ఆడొచ్చా?

మెత్త ప్యాడ్ మీద వద్దు. పాలికార్బొనేట్ మీద ఇంట్లోనే వాడే షూస్ అయితే ఫర్వాలేదు. బీచ్‌లో నడిచొచ్చిన షూస్ అడుగున ఇసుక ఉంటుంది, నాలుగు పాటల్లో అద్దం మసకబారుతుంది.

కరెంటు షాక్ భయం ఉందా?

యూఎస్‌బీలో ఉండేది 5 వోల్టులు, ఆ భయం లేదు. ప్యాడ్‌ని నేరుగా ఫోన్ ఛార్జర్‌కో, ఊరూపేరూ లేని అడాప్టర్‌కో కలపొద్దు.

కింది ఫ్లాటు వాళ్లు గొడవ చేస్తున్నారు.

చేయరా మరి! గచ్చు మీద ఇరవై మిల్లీమీటర్ల ఈవీఏ జిగ్‌సా మ్యాట్లు (ఒకదానికొకటి తగిలించే ఫోమ్ పలకలు) పరిచి, వాటి మీద పలక పెట్టండి. పలక గట్టిగా ఉంటుంది కాబట్టి కింద మెత్తగా ఉన్నా సెన్సార్‌కి నష్టం లేదు. వట్టి ప్యాడ్‌ని పరుపు మీద వేయడానికీ దీనికీ అదే తేడా. మా కింద ఉండే పెద్దాయన మొదటి నెలలో మూడుసార్లు పైకొచ్చారు. మ్యాట్లు వేశాక ఒకసారి వచ్చి, "ఏటి బాబూ, ఆడడం మానేశారా?" అని అడిగారు. అయినా రాత్రి తొమ్మిది తర్వాత మేం ఆడం.

ఇక బాగుచేయడం దండగ అని ఎప్పుడు తెలుస్తుంది?

రెండు కంటే ఎక్కువ బాణాల గీతలు చిట్లిపోతే, లేదా షీటు మీద గీతలు వేలికి నల్లగా అంటుకుంటుంటే, ఆ షీట్లు వదిలేయండి. కంట్రోలర్ డబ్బా, కేబుల్ దాచుకోండి, రాగి టేపుతో చేసే కొత్త ప్యాడ్‌కి అవి పనికొస్తాయి. మా మొదటి ప్యాడ్ డబ్బా ఇప్పుడు మూడో ప్యాడ్‌లో ఉంది. దాని ఫోమ్‌ని మా అమ్మ గ్రైండరు కింద వేసుకుంది, పిండి రుబ్బేటప్పుడు గట్టు మీద జరగకుండా.